పన్నెండో ప్రశ్న

ఆవిడకి భయం కొత్త కాదు. లిఫ్టెక్కితే తీగ తెగుతుందేమోనని భయం, మెట్లెక్కితే కాలు జారుతుందేమోనని భయం. పొయ్యి కట్టేసి, తాళం వేసుకుని, వీధి చివరిదాకా వెళ్ళి, కట్టేశానో లేదోనని మళ్ళీ వెనక్కొచ్చి చూసుకునే మనిషి. కూతురు ఆవిడకి భయాలపుట్ట అని పేరు పెట్టింది. మొదట్లో ముద్దుగానే పెట్టింది లెండి, రాన్రాను ఆ ముద్దు కాస్త అరిగిపోయింది.

ఊరికే పుట్టిన భయం కూడా కాదది. ఆరేళ్ళ కిందట ఒక సాయంత్రం మొగుడు గుండెల్లో మంటగా ఉందే అంటే, తిన్నది అరక్క అయ్యుంటుంది, కాసేపు నడుం వాల్చండి అని చెప్పి తన పనిలో పడిపోయింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ ఒక్కపూటే భయపడకుండా ఊరుకుంది. మనిషి మళ్ళీ లేవలేదు. ఆనాటి నుంచి ఆవిడ ఒక్క భయాన్నీ చులకన చెయ్యలేదు, పిలవకుండా వచ్చినా పీటేసి కూర్చోబెట్టింది.

అలాంటి మనిషికి నలభై అయిదో ఏట, తను ప్రూఫులు దిద్దే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడ్డాక, భయపడ్డానికి జీతమిచ్చే ఉద్యోగం దొరికిందంటే నమ్ముతారా? నమ్మాలి మరి, నేను చెబుతున్నాగా.

అదొక పీఆర్ ఆఫీసు. కంపెనీల తరఫున పేపర్లవాళ్ళకీ జనానికీ ఏం చెప్పాలో రాసిపెట్టే చోటు. మూడు గదులు, నాలుగు కంప్యూటర్లు, కాగితం నమిలే జెరాక్సు మిషనొకటి, వీటన్నిటికీ ఒక పెద్దాయన. ఆయన్ని వెనకాల అందరూ కత్తెర అంటారు, ఎవరేం రాసి చూపించినా సగానికి సగం కొట్టేస్తాడు కాబట్టి. కొట్టేసిన కాగితం చేతికిస్తూ మటుకు ఎంతో మర్యాదగా, బాగుందమ్మా అంటాడు. ఆవిణ్ణి అచ్చుతప్పులు దిద్దడానికని తీసుకున్నాడు. నెల తిరక్కుండానే, దిద్దింది చాలు, ఇక రాయడం నేర్చుకో అన్నాడు. వయసులో ఆయన తర్వాత ఆవిడే పెద్దదైనా, ఆ ఆఫీసులో ఆవిడ పేరు కొత్తమ్మాయి.

మొదటి పాఠం వినగానే ఆవిడ చెవులు మూసుకోబోయింది. జరిగిన సంగతి ఎవరైనా రాస్తారు, మనం జరగనివి రాసి ఉంచాలి అన్నాడాయన. నిప్పంటుకోకముందే అంటుకున్నట్టు, బస్సు బోల్తా పడకముందే పడినట్టు ప్రకటన తయారుగా ఉండాలి. తేదీ దగ్గర ఖాళీ, టైము దగ్గర ఖాళీ, ఎంతమంది అన్నచోట ఖాళీ. అనుకున్నంతా అయిన రోజున ఖాళీలు నింపి పంపెయ్యడమే. ఆ రోజున కూర్చుని రాద్దామంటే ఎవరి చేతులూ ఆడవు. శుభం పలకరా మంకెన్నా అన్న సామెతలా ఉంది సార్ ఈ పని, అని ఆవిడ గొణుక్కుంది. అవునమ్మా, మంకెన్నకి ఇక్కడ జీతం కూడా ఇస్తాం, అన్నాడు కత్తెర.

రెండో పాఠం ప్రశ్నలు. ప్రకటన రాసేముందు, విలేకరులు మొహమ్మీద అడగగల ఇరవై పాడు ప్రశ్నలు రాయాలి. వాటిని కంపెనీకి పంపితే వాళ్ళు ఒక్కోదానికీ జవాబు రాసి పంపుతారు. ప్రశ్నలూ జవాబులూ కలిసి ఉన్నది లోపలి కాగితం, దాన్ని పసుప్పచ్చ కాగితం మీదే తియ్యాలి. అందులోంచి జనానికి చెప్పదగ్గవి ఏరి, నునుపు చేసి రాసింది బయటి కాగితం. అది తెల్లది. పసుపూ తెలుపూ ఒకే బల్లమీద ఉండకూడదు. ఈ ఆఫీసులో ఉద్యోగం ఊడిపోయే తప్పు ఒక్కటే, లోపలిది బయటికి పోవడం, అని ఆయన చేరిన రోజే చెప్పి సంతకం పెట్టించుకున్నాడు.

ప్రశ్నలు రాయమంటే ఆవిడ చెలరేగిపోయింది. ఒక హోటలువాళ్ళకి రాస్తూ, మీ లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే లోపలున్న చంటిపిల్లకి గాలి ఎటునుంచి వస్తుందండీ అని రాసింది. బడిబస్సుల కంపెనీకి, మీ డ్రైవరు కళ్ళు చివరిసారి ఎవరు పరీక్షించారని రాసింది. కత్తెర చదివి నుదురు తుడుచుకున్నాడు. జవాబు వాక్యాలు రాస్తే మామూలుగానే కొట్టేసేవాడుగానీ, ఆవిడ ప్రశ్నల మీద పెన్ను పెట్టలేదు. ఇన్నాళ్ళూ ఇంట్లో వేళాకోళమైపోయిన భయాలు ఇక్కడ అక్కరకొస్తున్నాయని ఆవిడ మురిసిపోయింది కూడా. ఇంటికెళ్ళి కూతురికి చెప్పి, చూశావా, నా భయానికి విలువుంది అంది.

కూతురు అప్పటికి చదువు ముగించి రెండేళ్ళుగా ఇంట్లో ఉంటోంది. ఆఫీసు క్లయింట్లలో ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీ ఉంది. కూరగాయలూ పళ్ళూ చేపలూ చలిలో దాచి, ప్యాకెట్లు కట్టి పంపేవాళ్ళు. ప్యాకింగు హాల్లోకి మనుషులు కావాలని వాళ్ళ మేనేజరు అనగా విన్నది ఆవిడే. ఎండా వానా లేని నీడపట్టు పని, ఇంటికి అరగంట దూరం, రాకపోకలకి కంపెనీ బస్సు. ఇంతకంటే భద్రమైన చోటు ఇంకెక్కడుంటుందని పిల్ల వద్దంటున్నా వెంటపడి, దరఖాస్తు తనే రాసి, తనే తీసుకెళ్ళి ఇచ్చింది. మూణ్ణెల్లయింది. పిల్లకి తెల్లటోపీ వచ్చింది, స్నేహితులొచ్చారు, మొదటి జీతంతో తల్లికి చెప్పులు కొంది. ఇంట్లో మళ్ళీ నవ్వు వినబడుతోంది.

ఇదిలా ఉండగా ఆ కంపెనీ ప్యాకింగు హాలుని రెండింతలు చేసింది. శుక్రవారం విలేకరుల్ని పిలిచి చూపిస్తామన్నారు. ప్రశ్నలు కొత్తమ్మాయికే అప్పగించాడు కత్తెర. రాయడానికని కూర్చుని, చలి పుట్టించేది అమ్మోనియా అనే గ్యాసు అనీ, అది నెత్తిమీద గొట్టాల్లో తిరుగుతుంటుందనీ, గొట్టం పగిలితే కళ్ళూ గొంతూ మండిపోతాయనీ, మూసి ఉన్న హాల్లో మనిషికి మిగిలేవి నిమిషాలేననీ ఆవిడ చదివి తెలుసుకుంది. తన చేత్తో తనే కూతుర్ని పంపింది ఆ గొట్టాల కిందికి. ఆ పూట తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తియ్యలేదు. అయినా ఇరవై ప్రశ్నలూ రాసింది. పన్నెండోది ఇది: గ్యాసు లీకైతే మోగాల్సిన అలారాన్ని చివరిసారి ఎప్పుడు మోగించి చూశారు?

సోమవారం జవాబులొచ్చాయి. పంతొమ్మిదింటికి పొందిగ్గా రాసి పంపారు. పన్నెండో ప్రశ్న కింద మటుకు ఒక్క ముక్క ఉంది: ఈ ప్రశ్న తీసెయ్యగలరు.

ఆవిడ ఆ కాగితం పట్టుకుని కత్తెర గదిలోకి పరిగెత్తింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. క్లయింటు తియ్యమంటే తీసెయ్యడమేనమ్మా అన్నాడు. తీస్తే అక్కడ ఖాళీ కనబడుతుంది కాబట్టి, ఆ ఖాళీలో నిలబడే వాక్యం ఒకటి రాసుకురా అన్నాడు. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి ఆవిడ రాసింది: 'హాల్లోని భద్రతా ఏర్పాట్లన్నీ నిబంధనలకు అనుగుణంగా ఉన్నాయి, కార్మికుల క్షేమమే మాకు అన్నిటికన్నా ముఖ్యం.' ఆయన చదివాడు. పెన్ను ఎత్తాడు, దించాడు. ఒక్క అక్షరం కొట్టలేదు. "నీకు రాయడం వచ్చేసిందమ్మా," అన్నాడు. నాలుగు నెలలుగా ఆ మాట కోసమే పడిగాపులు పడింది, తీరా అది వచ్చింది ఈ వాక్యానికి.

ఆ సాయంత్రం కూతురు అన్నం తింటుండగా మాట కదిపింది. లోపలి కాగితం సంగతి చెప్పకూడదాయె, సంతకం పెట్టింది. అందుకని ఇటు తిప్పీ అటు తిప్పీ, ఆ హాల్లో అలారం పనిచెయ్యదేమో, ఓ నాలుగు రోజులు ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లో ఉండరాదూ అంది. కూతురు ముద్ద ఆపి చూసింది. పోయిన వారం గీజరు పేలుతుందన్నావు, అంతకుముందు బస్సు తలుపు ఊడుతుందన్నావు అని లెక్క చెప్పింది. చేరిన రోజునే మాకు ఎర్ర బటన్ చూపించారు, వాసనొస్తే నొక్కమన్నారు, నాలుగు వీధులకి వినబడుతుందట అంది. నువ్వు కళ్ళారా చూశావా, ఊహించుకుంటున్నావా అని నిలదీసింది. పోనీ తలుపు పక్కన కూర్చోవే తల్లీ అని బతిమాలితే, సీట్లు నెంబర్ల ప్రకారం ఇస్తారు, నాది చిట్టచివర అంది పిల్ల. ఆఖరికి విసుగొచ్చి, "నాన్న పోయినందుకు నన్ను బతకనివ్వవా అమ్మా?" అనేసింది. అనేసి తనే బాధపడి, లేచొచ్చి తల్లి పక్కన కూర్చుంది. కానీ ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

నాన్నా పులి కథ ఆవిడకి తెలుసు, కూతురికి చిన్నప్పుడు తనే చెప్పింది. ఆరేళ్ళుగా ప్రతిదానికీ పులి పులి అని అరిచిన నోటిని ఈ రోజు ఎవరు నమ్ముతారు? తెల్లారాక ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ప్రభుత్వాఫీసుకి ఫోన్ చేసింది. పేరూ ఊరూ రాసి ఫిర్యాదు ఇవ్వండి, నకలు కంపెనీకి కూడా పోతుంది, పదిహేను రోజుల్లో ఎవరైనా వస్తారు అన్నారు. ఆవిడ ఫోన్ పెట్టేసి తనకి తనే సర్దిచెప్పుకుంది. అన్నీ పాడు ఊహలే అయ్యుంటాయి, అంత పెద్ద కంపెనీవాళ్ళకి తెలియదా, నేనే చెబుతానా అనుకుంది. సగం నమ్మింది కూడా.

బుధవారం ఆ సగమూ పోయింది. విలేకరులు ఎక్కడ నిలబడాలి, ఎటు నడవాలి అని చూసుకోవడానికి కత్తెరా ఆవిడా అక్కడికి వెళ్ళారు. గేటు దగ్గర ఆటో దిగగానే కత్తెర ఫోన్ తీసి, లోపల సిగ్నలుండదు, నేనిక్కడే ఉంటా, నువ్వు చూసిరా అన్నాడు. మేనేజరు ఎదురొచ్చి ఆవిణ్ణి హాలుదాకా తీసుకెళ్ళాడు. ఆయన కూడా గుమ్మం దాటలేదు. మూసుకుపోకుండా తలుపుని మడమతో తన్నిపట్టి, చెయ్యి చాచి అక్కణ్ణుంచే అన్నీ చూపించాడు. అవిగో బల్లలు, అవిగో గొట్టాలు, మీరు నడిచి చూసుకోండి అన్నాడు. ఆవిడ ఒక్కతే లోపలికి నడిచింది. తల మీద గొట్టాలు, మంచు పట్టి తెల్లగా. నూట నలభై మంది తలలొంచుకుని ప్యాకెట్లు కడుతున్నారు. ముక్కుకి ఘాటుగా ఏదో తగిలింది, కొద్దిగానే. చిట్టచివరి బల్ల దగ్గర కూతురు తలెత్తి, నవ్వి, చెయ్యూపింది. వాసనొస్తోందేమే అని అడిగితే, అదెప్పుడూ ఉండేదేనమ్మా, వారానికల్లా అలవాటైపోతుంది అంది. అక్కణ్ణుంచి తలుపుదాకా ఆవిడ అడుగులు లెక్కపెట్టింది. డెబ్భై రెండు.

ఇద్దరూ తిరుగు ఆటో ఎక్కారు.

"మీరు లోపలికి రాలేదేం సార్?" అని అడిగింది ఆవిడ.

కత్తెర రోడ్డువైపే చూస్తూ కూర్చున్నాడు. సిగ్నలు మాట మళ్ళీ ఎత్తుతాడనుకుంది. ఎత్తలేదు.

"నాకు ముగ్గురు పిల్లలమ్మా," అన్నాడు.

నాకూ ఒకత్తి ఉంది సార్, డెబ్భై రెండడుగుల లోపల ఉంది, అనాలనుకుంది. కూతురు అక్కడ పనిచేస్తోందని ఆయనకి తెలుసు. తెలిసే ఆ వాక్యానికి పెన్ను పెట్టకుండా వదిలాడు.

గురువారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక ఆవిడ జెరాక్సు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికేసింది. ఒక చేతిలో తెల్లకాగితం, తను రాసిన నున్నటి వాక్యంతో. ఇంకో చేతిలో పసుపుది. రేపు పన్నెండు మంది విలేకరులు. పన్నెండు ఫోల్డర్లు. ఉద్యోగం పోతుంది, ఖాయం. కేసు పెడతారేమో. కూతుర్ని కూడా గెంటేస్తారు, ఆ పిల్ల జన్మలో తన మొహం చూడదు. పైగా అలారం నిజంగానే మోగుతుందనుకో, అప్పుడు? పిచ్చిదాని కింద జమకట్టి నవ్వుతారు, కూతురు అందరికంటే ముందు నవ్వుతుంది. భయపడ్డానికి ఇన్ని ఉన్నాయి, ఆవిడ ఒక్కోదాన్నీ పేరుపేరునా పలకరించింది. అన్నిటికన్నా పెద్దది ఏదని చూసుకుంది. చూసుకుని, పసుపు కాగితాన్ని మిషను మీద బోర్లా పెట్టి, ట్రేలో తెల్లకాగితాలు వేసి, పన్నెండు అని నొక్కింది. బయటికొచ్చిన మొదటి నాలుగూ నేలమీద చెల్లాచెదురయ్యాయి. మోకాళ్ళ మీద పాకి ఏరుకుంది.

శుక్రవారం పదిగంటలకి హాలు నిండా దీపాలు. పనివాళ్ళని గోడవారన రెండు వరసల్లో నిలబెట్టారు, ఫోటోల కోసం. కత్తెర గేటు దగ్గరే ఆగిపోయాడు. మేనేజరుకి ఇవాళ తప్పలేదు, లోపలికొచ్చి తలుపుకి దగ్గర్లో నిలబడి ఉపన్యాసం మొదలెట్టాడు. ఆవిడ ఫోల్డర్లు పంచింది. పంచి, ఒక స్తంభం పక్కన నిలబడింది. ప్రశ్నలుంటే అడగండి అని మేనేజరు నవ్వాడు. కాసేపు కాగితాల చప్పుడు. ముందు వరసలో ఉన్న ముసలి విలేకరి ఒకాయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, వేలు పెట్టి, పన్నెండో ప్రశ్న పైకి చదివాడు. దాని కింద ఉన్నది కూడా చదివాడు.

"ఎందుకు తీసెయ్యాలండీ?" అని అడిగాడు.

మేనేజరు మొహంలో రంగులు మారాయి. ఎవరు తయారుచేశారిది అన్నాడు. నేనే అంది ఆవిడ. ఆయన తేరుకుని విలేకరుల వైపు తిరిగాడు. ఆవిడ కొత్తగా చేరారనీ, రాయడం ఇంకా నేర్చుకుంటున్నారనీ, పొరపాటున ఏదో పాత చిత్తుప్రతి వచ్చేసిందనీ, అలారం భేషుగ్గా ఉందనీ చెప్పాడు. పనివాళ్ళ వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అయితే ఒకసారి మోగించండి, వింటాం, అన్నాడు ముసలాయన. పనివాళ్ళు బెదిరిపోతారండీ, బయట జనం కంగారుపడతారు, ఇంకోరోజు చూద్దాం అని మేనేజరు నసిగాడు.

వరసలోంచి ఒకత్తి బయటికొచ్చింది. కూతురే. సిగ్గుతో, కోపంతో ఆ పిల్ల మొహం కందగడ్డలా ఉంది. నలుగురిలో తల్లి నవ్వులపాలౌతోంది, అదీ తన హాల్లో, తనవాళ్ళ ముందు. గోడకున్న ఎర్ర బటన్ వైపు గబగబా నడిచింది.

"ఎవరూ బెదరంలెండి సార్, నేను మోగిస్తా," అంది. తల్లివైపు చూసి, "ఇవాళ్టితో ఈ భయం వదిలిపోవాలమ్మా," అంది.

వద్దమ్మా అని మేనేజరు చెయ్యెత్తేలోపల గాజుమూత తెరిచి నొక్కేసింది.

ఏమీ మోగలేదు. నెత్తిమీద గొట్టాల హోరు మటుకు వినబడుతోంది. పిల్ల సరిగ్గా నొక్కలేదనుకుని మళ్ళీ నొక్కింది. బొటనవేళ్ళు రెండూ కలిపి, బరువంతా ఆనించి నొక్కింది. నూట నలభై మంది ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించారు. నవ్విన మనిషి ఇప్పుడు నవ్వడం లేదు. ఎవరో చేతితొడుగులు ఊడబీకి బల్లమీద పడేశారు.

కూతురు వెనక్కి తిరిగింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. మూణ్ణెల్లుగా తను కూర్చున్న చిట్టచివరి బల్లవైపు చూసింది, పైన గొట్టాలు చూసింది, అక్కణ్ణుంచి తలుపెంత దూరమో చూసింది. ఒక్క ఉదుటున తల్లి దగ్గరికొచ్చి, చిన్నపిల్లలా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

"అమ్మా, నాకు భయంగా ఉందే. పద, బయటికి పద," అంది.

ఆ మాట విన్నాక, ఆరేళ్ళలో మొట్టమొదటిసారి, ఆవిడ గుండె కుదుటపడింది.